ముప్పై అన్న పెట్టె, పదకొండు అన్న గుంజ

శుక్రవారం మధ్యాహ్నం గుర్రం పోయింది. అది పోతున్నంతసేపూ పద్నాలుగు కెమెరాలు గుర్రు పెట్టి నిద్రపోయాయి. సోమవారం పదకొండూ ఇరవైకి నేను తలాస్ ఊరి అవతలున్న జుమాదిల్ గారి లాయంలో దిగేసరికి కేసు సగం తేలిపోయి ఉంది. దొంగ ఎవరో తెలియదు, గుర్రం ఎక్కడుందో తెలియదు, జైలుకి ఎవరు వెళ్ళాలో మాత్రం తేల్చేశారు.

వెళ్ళాల్సినావిడ పేరు బూరుల్. ముప్పై నాలుగేళ్ళు, ఆరేళ్ళ కూతురు. ఊళ్ళో రెండు పాల కేంద్రాలు, ఒక పిండిమర, ఈ లాయం, వీటన్నిటి సర్వర్లూ ఆవిడే చూస్తుంది. నెలకోసారి వచ్చి దుమ్ము దులిపి, లోపలి సంగతులు చూసి పోతుంది. ఆ శుక్రవారం కెమెరాల సర్వర్ సరిగ్గా దొంగకి కావలసిన టైములో, కావలసినంతసేపు పనిచేయలేదు. కనక ఆవిడే దొంగకి తలుపు తీసిందని పోలీసుల లెక్క. సాయంత్రం నాలుగింటికి ప్రాసిక్యూటర్ సంతకం పెడితే అరెస్టు.

పోయిన గుర్రం కరాకుయున్. మేక కళేబరం కోసం గుర్రాల మీద కుమ్ముకునే కోక్-బోరు ఆటలో పోయినేడు కప్పు తెచ్చిన నల్ల మగ గుర్రం. ఈ ఏడాది ఫైనల్ నిన్న ఆదివారం. మొన్న శనివారం పోటీ సంఘం పశువైద్యులొచ్చి అన్ని గుర్రాలకీ రక్తపరీక్ష చేశారు. శుక్రవారమే గుర్రం పోవడంతో జుమాదిల్ గారి జట్టు తప్పుకుంది. లోయలో అందరూ ఆయన మీద జాలిపడ్డారు.

నన్ను పిలిపించింది ఆయనే. ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఇప్పుడు సొంతంగా తప్పిపోయిన పశువుల్నీ, తప్పుకున్న మనుషుల్నీ వెతికిపెడుతుంటాను. "ఎసెన్‌గుల్ గారూ, మీరు జోకులు బాగా వేస్తారటగా, రండి," అన్నారు ఫోన్లో. పొగిడారనే అనుకున్నాను.

బూరుల్‌ని వంటింట్లో కూర్చోబెట్టారు. ముందున్న పాల టీ చల్లారి మీగడ కట్టింది. లాప్‌టాప్, ఫోను లేవు. పొద్దున్నే మేజర్ కనిమెత్ వాటిని సంచిలో వేసి సీలు కొట్టాడట.

నేను గుర్రం ఊసెత్తకుండా డిస్కు గురించి అడిగాను. గుర్రాల గురించి నాకు ఎవరూ అబద్ధం చెప్పలేరు. డిస్కుల గురించి ఎవరైనా చెప్పగలరు. అందుకని ముందు అదే నేర్చుకోవాలి.

"వాడగా వాడగా డిస్కులో చిక్కులు పడతాయన్నా," అంది ఆవిడ. "లినక్స్ పెట్టె మొదలయ్యేటప్పుడు, మిగతా పనులు ఆపి డిస్కంతా తనిఖీ చేసుకోమని చెప్పొచ్చు. ఎన్నిసార్లు మొదలయ్యాక చేసుకోవాలో ఆ అంకె మనమే పెడతాం. నేను ముప్పై పెట్టాను. మొదలైన ప్రతిసారీ పెట్టె తన లెక్కలో ఒకటి కలుపుకుంటుంది. లెక్క ముప్పైకి చేరిందా, తర్వాత మొదలైనప్పుడు ముందు తనిఖీయే. అది అయ్యేదాకా కెమెరాలూ లేవు, రికార్డింగూ లేదు."

"అయితే అంకెలు రెండు. హద్దు ఒకటి, లెక్క ఒకటి."

"అంతే. హద్దు నేను పెట్టింది. లెక్క దానంతట అది నడిచేది."

ఈ తనిఖీ అనేది కొత్త డిస్కుల్లో మామూలుగా ఆపేసి ఉంటుందనీ, ఈవిడే పనిగట్టుకుని పెట్టిందనీ మేజర్ అంటున్నాడని చెప్పాను. ఆవిడ కాదనలేదు. రెండేళ్ళ క్రితం తనిఖీ లేకే డిస్కు లోపల్లోపల పాడై, నెల రోజుల బొమ్మలు పోయాయట. ఆ నెల్లోనే ఒక పిల్లగుర్రం కాలు విరిగింది, ఎవరి తప్పో తేల్చలేకపోయారు, తిట్లన్నీ బూరుల్‌కి. అప్పట్నించీ తనిఖీ పెట్టింది. ఇన్ని నెలలకోసారి అని రోజుల లెక్కన కూడా పెట్టొచ్చు గాని, ఆ పెట్టె గడియారం బ్యాటరీ నీరసపడింది. కరెంటు పోయొస్తే ఒక్కోసారి ఏ పదేళ్ళ వెనక్కో వెళ్ళిపోతుంది. అలాంటిదానికి రోజుల పద్దు అప్పజెప్పడం ఎందుకని అది ఆపేసి, మొదలైన సార్ల లెక్కే ఉంచింది. కెమెరాలు నడుస్తుండగా మాత్రం గడియారం సరిచూసుకుంటుందట. శుక్రవారం టైములు వీధి అవతలి పిండిమర సర్వర్‌తో పోల్చి చూశారు, ఖరారే.

ఆ టైములివి. కరెంటు కోత ముందే ప్రకటించినది. బుధవారం నుంచే ఊళ్ళో కిరాణా కొట్టు తలుపు మీద కాగితం అంటించి ఉంది. పన్నెండూ నలభైకి కరెంటు పోయింది. బ్యాటరీ అయిదు నిమిషాలు లాగి చేతులెత్తేసింది. ఒంటిగంటకి కరెంటొచ్చింది. ఒంటిగంటా రెండుకి పెట్టె లేచి ఒకే మాట రాసుకుంది: 'ఈ డిస్కు తనిఖీ లేకుండా 30 సార్లు మొదలైంది. తనిఖీ తప్పనిసరి.'

"ఇంతకుముందు తనిఖీ ఎప్పుడు జరిగింది?"

"మార్చిలో, నూరుజ్ పండగ రోజున. ఆ రోజు అందరూ ఇళ్ళు దులుపుకుంటారు కదన్నా, నేను నా పెట్టెలన్నీ దులుపుతాను. ముప్పై దాకా ఆగను. లెక్కనే ముప్పైకి జరిపేసి ఆపి మొదలుపెడతాను. అది నిజంగానే ముప్పై అయిందనుకుని తనిఖీ చేసేస్తుంది, లెక్క మళ్ళీ సున్నాకొస్తుంది."

"లెక్క జరపడం అంత సులభమా?"

"ఒక్క వరస టైపు చెయ్యాలి, దూరంగా ఉండి ఫోన్లోంచైనా సరే. పాస్‌వర్డ్ తెలియాలి, అంతే."

పాస్‌వర్డ్ ఆవిడకి తెలుసు. ఆవిడకి ఏమైనా అయితే పని ఆగకూడదని అదే ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అంటించి, జుమాదిల్ గారి బీరువాలో ఉంచింది. నూరుజ్ రోజున ఆ గదిలో ఎవరెవరున్నారని అడిగాను. కాపలా ఉండే తొకోయ్ తాత వస్తూ పోతూ ఉన్నాడట. యజమాని పండగ పాయసం సుమొలొక్ గిన్నె పట్టుకొచ్చి, తనిఖీ అయ్యేదాకా కూర్చుని ఇదేమిటి అదేమిటి అని అడిగారట. ఎంతసేపు పట్టిందంటే నలభై చిల్లర నిమిషాలంది. ఇప్పుడింకా ఎక్కువ పడుతుంది, ఎనిమిది నెలల బొమ్మలు పేరుకున్నాయి కదా అని కూడా అంది.

ఆ మాటకి తలుపు దగ్గర ఎవరో దగ్గారు. జుమాదిల్ గారే. అరవై ఏళ్ళ మనిషి, మెళ్ళో ఎప్పుడూ పందేల స్టాప్‌వాచ్ వేలాడుతుంటుంది. స్వయంగా నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కల పళ్ళెం తెచ్చి మా ముందు పెట్టారు. "తినమ్మా, పొద్దున్నించీ ఏమీ తినలేదు," అన్నారు బూరుల్‌తో. నాకేసి చూసి, గుర్రం దొరికేనా అని అడిగారు. వాంగ్మూలం దొరికిందండీ, మూలమే దొరకాలి అన్నాను. మర్యాదగా నవ్వారు.

పన్నెండున్నరకి తొకోయ్ తాత నన్ను లాయంలోకి తీసుకెళ్ళాడు. డెబ్బై ఒకటో ఏడు, నెత్తిన తెల్ల కల్పక్ టోపీ, నడుముకి కత్తి. అతని దగ్గర ప్రతి జవాబూ అంగుళం తక్కువే గాని ఎక్కువుండదు. శుక్రవారం పన్నెండున్నరకి పనివాళ్ళంతా, తనతో కలిపి ఏడుగురు, నమాజుకి ఒకే వ్యానులో వెళ్ళారు. ప్రతి శుక్రవారం అంతే. కెమెరాలున్నాయన్న ధైర్యం. ఒంటిగంటా యాభైకి తిరిగొచ్చారు. యజమాని పెద్ద మసీదుకి వెళ్ళానన్నారు, వెళ్ళే ఉంటారు, తాను చూడలేదు.

తాళం పగలలేదు. తాళంచెవితో తీసి, మళ్ళీ వేసి వెళ్ళారు. తలుపు చెక్కల మీద తన్నిన గుర్తు లేదు.

"కొత్తవాళ్ళని కరుస్తుందా?"

"డాక్టర్ని కరిచింది. మేజర్ని కరిచేది, అప్పటికే పోయింది."

అంటే తెలిసినవాడి చెయ్యే. కళ్లెం వేసినవాడూ కెమెరా కళ్ళు మూసినవాడూ ఒకడేనా ఇద్దరా అన్నది తేలాలి. నేల మీద డెక్కల జాడల బదులు గుండ్రని మెత్తటి మచ్చలున్నాయి. కాళ్ళకి ఒత్తిన ఉన్ని ముక్కలు చుట్టి నడిపించారు. గుర్రం ఉన్న గదిలో గడ్డి కింద తాడు ముక్కలు దొరికాయి. మూడు కాళ్ళకి కట్టగా మిగిలిన కొసలు మూడు, ఒక్క కొలతగా కోసినవి. నాలుగోది కొయ్యలేదు, తెంపారు. పక్క గేటు దాకా మచ్చలు నాలుగూ మెత్తగానే వెళ్ళాయి. గేటు దాటాక ఎడమ వెనక కాలు నాడా గుర్తు బురదలో స్పష్టంగా పడింది. పది అడుగుల అవతల ముళ్ళపొదలో ఆ కాలి ఉన్ని ముక్క దొరికింది. ఒంటి ముడి, అదీ వదులు. ఆ తర్వాత లారీ చక్రాలు.

ఇక్కడ నాకో చిక్కు వచ్చింది. మనుషులు తిరిగొచ్చేది ఒంటిగంటా యాభైకి, అది ప్రతి శుక్రవారం టైమే. కెమెరాలు అప్పటికింకా లేవలేదు. మూడు కాళ్ళు తీరిగ్గా కట్టినవాడు నాలుగో కాలి దగ్గర ఎందుకు కంగారుపడ్డాడు? ఎవరూ తరమనివాణ్ణి గడియారమే తరుముతుంది. వాడి గడియారంలో ఏ టైముందో నాకు తెలియాలి.

దాణా తొట్టి వెనక ఇంకోటి దొరికింది. చిన్న మందుసీసా రబ్బరు మూత, దానికి సూది గుచ్చిన చిల్లులు ఆరు. ఈ నెల్లాళ్ళూ దాణా ఎవరు వేశారని తాతని అడిగాను. యజమానే, ఇంకెవర్నీ రానివ్వలేదు అన్నాడు. మూత జేబులో వేసుకున్నాను. శనివారం రక్తపరీక్ష గుర్తొచ్చింది గాని, అప్పటికి దాన్ని అక్కడే వదిలేశాను.

సర్వర్ గది లాయం చివర ఉంది. గుమ్మం పక్కన చూరుకి ఊతంగా ఒక గుంజ. దాని మీద కత్తితో పెట్టిన గీట్లు: పైన ఒకటి నిలువుగా పొడుగ్గా, దాని కింద అడ్డంగా పొట్టివి. ఇవేమిటి తాతా అన్నాను.

"లైటు పోయి పెట్టె ఆగి లేస్తే ఒక గీటు. బూరుల్ పెట్టమంది. ఇరవై అయిదు కాగానే ఫోన్ చెయ్యమంది. పొడుగ్గీటు నూరుజ్‌ది."

"కాగితం మీద రాయొచ్చుగా."

"కాగితం మేక తింటుంది."

గొర్రెల్ని నలభై ఏళ్ళు కర్ర మీద గీట్లతోనే లెక్కపెట్టిన మనిషి. ఒకటి తప్పితే ఒక గొర్రె పోయినట్టే. ఇరవై అయిదుకి ఫోనంటే, ముప్పై ఏ రోజున పడుతుందో ముందే కనిపెట్టి, జనం ఉన్న పూట దగ్గరుండి తనిఖీ చేయించడానికి. అడ్డగీట్లు వేలితో లెక్కపెట్టాను. శుక్రవారంది కలిపి పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాను. గేటు కెమెరా చూడనిది తాత గీటు చూసింది.

లోపల మేజర్ కనిమెత్ నా కోసమే ఉన్నట్టు కుర్చీ అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. హోదా మేజర్, ఊహ మైనర్. ఒకప్పుడు నా కింద పనిచేశాడు. మా ఆఫీసుల్లో మర్యాద ఇవ్వాలంటే తండ్రి పేరు కలిపి పిలుస్తారు, ఇతను నాకు మర్యాద తియ్యాలంటే అలా పిలుస్తాడు.

"రండి ఎసెన్‌గుల్ సాదికోవిచ్ గారూ. లాయరుకి లాయం, లాయానికి గాయం అని ఏదో ఒకటి అనండి, నవ్వేసి పని చూసుకుంటాను."

"నువ్వే అనేశావుగా తమ్ముడూ, అంతకన్నా చెత్తగా నేను అనలేను."

అతని వాదన సాఫీగానే ఉంది. హద్దు పెట్టింది ఆవిడ, పాస్‌వర్డ్ ఆవిడది, కోత టైము కొట్టు మీద ఉంది. లెక్క నిండే రోజు చూసుకుని దొంగకి కబురు పెట్టింది. పెట్టె మాత్రం నిజాయతీగా ఉందని చూపించడానికి తెర మీద డిస్కు వివరాలు తెప్పించాడు. హద్దు ముప్పై. శుక్రవారం తనిఖీ అయ్యాక లెక్క సున్నా అయి, మొదలైనందుకు ఇప్పుడు ఒకటి. "చూడండి, ఒకటంటే ఒకటే. దీనికి మీలా దొంగలెక్కలు రావు," అన్నాడు.

నేను గుంజ సంగతి చెప్పాను. నూరుజ్ నుంచి పెట్టె పదకొండు సార్లే మొదలైతే, నూరుజ్ నాటి ఒకటితో కలిపి శుక్రవారం లేచేముందు లెక్క పదకొండు దగ్గర ఉండాలి. ముప్పై ఎలా అయింది? ఎవరో శుక్రవారానికి ముందు లెక్కని ముప్పైకి జరిపారు. ట్యూను ఆవిడ కట్టిందే, పాడింది వేరే గొంతు.

గుంజ సాక్ష్యం చెప్పదన్నాడు కనిమెత్. ముసలాడు మర్చిపోయి ఉంటాడన్నాడు. పెట్టె సొంత రికార్డులో మొదలైన తేదీలుంటాయి కదా అంటే, నెలకోసారి పాతవి చెరిగిపోతాయట, రెండు వారాలవే మిగిలాయి. నేను కరెంటాఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి గుమాస్తా మా తోడల్లుడి తమ్ముడు, గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. పావుగంట పట్టింది. నూరుజ్ తర్వాత ఈ లైనులో అయిదు నిమిషాలు దాటిన కోతలు పదకొండు. ఆ మాట కనిమెత్‌కి వినపడేలా మళ్ళీ చెప్పించాను.

అతను కాగితాలు ముందుకు లాక్కున్నాడు. "జరిపింది కూడా ఆవిడే అయ్యుండొచ్చు. ఇంకెవరికి చేతనవుతుంది?"

అది మంచి ప్రశ్న. అతని నోట రెండేళ్ళకోసారి వస్తుంది. గుంజ వల్ల ఒకరు లెక్క మార్చారని తేలింది గాని, ఆ ఒకరు బూరుల్ కాదని తేలలేదు. టైము రెండూ ముప్పై. ప్రాసిక్యూటర్ సంతకానికి గంటన్నర.

ప్రాసిక్యూటర్‌కి పంపబోయే నివేదిక చదవమన్నాను. అతను గొంతు సవరించుకుని చదివాడు. పన్నెండూ నలభై అయిదు నుంచి కెమెరాలు ఆగడం, ఒంటిగంటా రెండుకి తనిఖీ మొదలు, "ఆ తనిఖీ నలభై ఒక్క నిమిషాలు జరిగినందువల్ల..."

"ఎన్ని?"

"నలభై ఒకటి."

"పెట్టెలో చూశావా?"

"మొదలు చూశాను. ముగింపు చూడ్డమెందుకు, నలభై ఒకటని తెలుసుగా."

నేను తెర మీద కిందికి జరిపాను. తనిఖీ ముగిసిన టైము: రెండు గంటలు సరిగ్గా. ఒంటిగంటా రెండు నుంచి రెండు. యాభై ఎనిమిది నిమిషాలు. ఎనిమిది నెలల బొమ్మలు పేరుకున్నాయి, ఎక్కువ పడుతుందని బూరుల్ పొద్దున్నే చెప్పింది. ఈ పెట్టె నలభై ఒక్క నిమిషాల్లో పని ముగించింది నూరుజ్ రోజున ఒక్కసారే. నలభై చిల్లర అన్న ఆవిడకి కూడా ఆ చిల్లర ఎంతో గుర్తులేదు.

గుర్రం గదిలో తెంపిన తాడు కళ్ళముందు మెదిలింది. ఒంటిగంటా నలభై మూడుకి కెమెరాలు లేస్తాయనుకున్నవాడు నాలుగో కాలి దగ్గర కంగారుపడక ఏం చేస్తాడు?

"నలభై ఒకటని నీకు ఎవరు చెప్పారు కనిమెత్?"

అతను నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది. జుమాదిల్ గారు. భోజనం సిద్ధమైందన్నారు. వేడివేడి మాంసం బెష్‌బర్మాక్ అతిథుల గదిలో పెట్టించారట, చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది, ఇద్దరూ వెంటనే వెళ్ళి కూర్చోమన్నారు. కేసులు ఎక్కడికీ పోవన్నారు. కనిమెత్ లేచాడు. వస్తున్నామండీ, మీరు పదండి అని నేను కనిమెత్ మోకాలు మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. ఆయన స్టాప్‌వాచ్ సర్దుకుంటూ, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

కనిమెత్ ఆ తలుపు వైపు చెయ్యి చూపించాడు.

"ఆయనే చెప్పారు," అన్నాడు. "శుక్రవారం రాసిన ఫిర్యాదులోనే ఉంది. నలభై ఒక్క నిమిషాలని."

తొందరపడకుండా ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాను. నూరుజ్ రోజున సుమొలొక్ గిన్నెతో ఆ గదిలో కూర్చున్నది ఆయన. లెక్క జరిపితే తనిఖీ ఎలా వస్తుందో బూరుల్ భుజం వెనక నుంచి చూసింది ఆయన. ఊరికే కూర్చోలేక స్టాప్‌వాచ్ నొక్కింది ఆయన. పాస్‌వర్డ్ కవరు ఆయన బీరువాలో. కరిచే గుర్రం కరవని చెయ్యి ఆయనది. చివరగా జేబులోంచి రబ్బరు మూత తీసి పెట్టాను. శనివారం ఆ గుర్రానికి రక్తపరీక్ష జరిగి ఉంటే, బలానికి పొడిచిన ఆరు సూదులూ బయటపడేవి. ఈ ఏడాది ఆటతో పాటు పోయినేటి కప్పూ అనుమానంలో పడేది. గుర్రం తనిఖీ తప్పించుకోవడానికి డిస్కు తనిఖీ పెట్టించారు.

"సొంత గుర్రాన్నా?" అన్నాడు కనిమెత్.

"సొంత పరువు కోసం."

"రుజువేది? ఆవిడ కాదనడానికి?"

స్టాప్‌వాచ్ మాట్లాడదు. నలభై ఒకటి బూరుల్ చెప్పిందని ఆయన ఒక్క ముక్క అంటే చాలు. ఆ పేచీ మీద మరో పది నిమిషాలు కొట్టుకున్నాం. అతిథుల గదిలో కొవ్వు గడ్డకట్టే ఉంటుంది.

రెండూ యాభై ఒకటికి పెట్టె ఆగిపోయింది.

లైటు పోలేదు. నెత్తి మీద బల్బు వెలుగుతూనే ఉంది. పెట్టె మాత్రం దానంతట అది పడుకుని, బీప్ మని లేచింది. నల్ల తెర మీద తెల్ల వరసలు పరిగెత్తి, ఒక చోట ఆగాయి.

'ఈ డిస్కు తనిఖీ లేకుండా 30 సార్లు మొదలైంది. తనిఖీ తప్పనిసరి.'

ముప్పావుగంట క్రితం ఒకటి. మేమిద్దరం కళ్ళతో చూసిన ఒకటి. ఎవరో దూరాన్నించి పాస్‌వర్డ్‌తో లోపలికొచ్చి, మేము భోజనాల దగ్గరున్నామనే నమ్మకంతో, లెక్క జరిపి పెట్టెని తిరిగి లేపారు.

"పాస్‌వర్డ్ మార్చలేదా నువ్వు?"

"ఆవిడ దగ్గర్నించి తీసుకున్నాను," అన్నాడు కనిమెత్ నెమ్మదిగా. "మార్చాలని తోచలేదు."

"ఆవిడ లాప్‌టాప్, ఫోను?"

అతను కాళ్ళ దగ్గరున్న సంచి చూశాడు. సీలు అలాగే ఉంది. ఆ క్షణంతో బూరుల్ కేసులోంచి బయటపడింది. చెప్పడానికి లేచాను. ఇద్దరం లేచాం.

గుమ్మంలో తొకోయ్ తాత ఉన్నాడు. పెట్టె బీప్ వంటింట్లోకి వినపడిందట, లైటు పోకుండా ఎందుకు లేచిందని చూడ్డానికొచ్చాడు.

"బూరుల్ ఎక్కడ తాతా?"

"యజమాని తీసుకెళ్ళారు. పోలీసు బండిలో వెళ్తే కూతురికి నామోషీ, ప్రాసిక్యూటర్ దగ్గరికి నేనే దింపుతానన్నారు. మీకు చెప్పానన్నారు. పక్క గేటు నుంచి వెళ్ళారు."

"ఎంతసేపైంది?"

"బీప్ అయింది, బండి కదిలింది."

"ఏ వైపు?"

తాత చెయ్యెత్తి చూపించాడు. ప్రాసిక్యూటర్ ఆఫీసు ఊళ్ళో ఉంది. చెయ్యి కొండ వైపు చూపిస్తోంది.

కెమెరాలు మళ్ళీ అదే కిటుకుతో ఆగాయి. అదే గంటలో బూరుల్ మాయమైంది. సాయంత్రానికి అందరూ ఒకటే అంటారు: నేరం బయటపడుతోందని పారిపోయింది. కొండ మీద వేసవి మేత మైదానాల్లో నవంబరులో మనిషి ఉండడు. కిటుకు ఎవరెవరికి తెలుసో చెప్పగలిగిన ఒక్క నోరూ అక్కడే ఆగిపోతుంది. ఈయన నన్ను నా జోకుల కోసమే పిలిచారు. కేసుని పట్టించుకోనివాణ్ణి పట్టుకున్నాననుకున్నారు.

తెర మీద తనిఖీ రెండు శాతం దగ్గరుంది. పెట్టెకి యాభై ఎనిమిది నిమిషాలు కావాలి. ఆయన లెక్కలో నలభై ఒకటే. మూడూ ముప్పై రెండుకి కెమెరాలు కళ్ళు తెరిచేసరికి ఇక్కడ, ఈ వాకిట్లో, ఒంటరిగా కనపడాలి ఆయన. నలభై ఒకటిలో వెళ్ళడానికి సగం, రావడానికి సగం. అంటే బూరుల్‌కి ఉన్నది ఇరవై నిమిషాలు. అందులో మూడు మేము మాట్లాడుకోవడంలోనే పోయాయి.

కనిమెత్ తాళంచెవులు తీసి అప్పటికే పరిగెత్తుతున్నాడు. "రా అన్నా," అన్నాడు వెనక్కి తిరగకుండా. పదేళ్ళ తర్వాత మళ్ళీ అన్నా అన్నాడు.

నేను గుమ్మం దాటుతుంటే వెనక కత్తి గుంజ మీద కర్రుమంది. పన్నెండు.